వెన్నెముక కూడా అమానతే

శరీరం మన సొత్తు కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించి, దేహానికీ, కళ్లకూ, భార్యకూ ఆయనపై హక్కులున్నాయని బోధించిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆరాధనలోనే ఇంతటి మితం అవసరమైతే, తక్కిన పనుల్లో దేహాన్ని నిర్లక్ష్యం చేయడం ఎలా సబబవుతుంది?

మా నల్లచెరువు ప్రాంతపు వేరుశనగ చేలలో స్త్రీలు గంటల తరబడి వంగి కలుపు తీస్తారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు గుంత మగ్గంలోకి కాళ్లు దించి, మెడ వంచి పొద్దంతా కూర్చుంటారు. మదరసాలో పిల్లలు రిహల్ మీదికి ఒరిగి చదువుతారు. నొప్పి వస్తే మాత్ర, తగ్గకపోతే బెల్టు, ఆ తరువాత ‘వయసు మీద పడింది’ అన్న సరిపెట్టుకోలు. ఇంకొక అన్యాయమూ ఉంది: మగవారి నొప్పికి ఆటో పిలుస్తాం, ఆడవారి చేతికి అమృతాంజనం డబ్బీ ఇస్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023 డిసెంబరులో ఆ సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. నడుము బెల్టులను, ట్రాక్షన్‌ను మామూలు చికిత్సగా వాడవద్దని అందులో సూచించింది. రోగికి అవగాహన, తగిన వ్యాయామం, మనసుకు ఊరట, వీటిని కలిపి చూడాలన్నది దాని సారాంశం.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమేనని చాలామంది భావిస్తారు. మంచి ఫిజియోథెరపిస్టు ముందుగా మన పని, కూర్చునే తీరు, బరువెత్తే పద్ధతి, నిద్ర, దిగులు గురించి అడుగుతారు. ఆపైన వ్యాయామం నేర్పుతారు. దానిని ఇంట్లో రోజూ చేయవలసింది మనమే. ఏ ఒక్క భంగిమా రోజంతా మంచిది కాదు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. రిహల్‌ను ఎత్తుగా పెట్టుకోవాలి. బిందెను మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి.

దైవప్రవక్త (స) రుకూలో శిరస్సును పైకెత్తేవారూ కాదు, కిందికి వంచేవారూ కాదు, మధ్యస్థంగా ఉంచేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నమాజును నిదానంగా ఆచరిస్తే దేహానికీ మేలే. అయితే నమాజు ఆరాధన. వైద్యుడు చెప్పిన వ్యాయామానికి బదులు కాదు.

మొలల వ్యాధితో బాధపడిన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి, అది సాధ్యం కాకుంటే కూర్చుని, అదీ కాకుంటే పక్కకు ఒరిగి నమాజు చేయమన్నారు. కనుక నిజమైన అశక్తత ఉన్నవారు కుర్చీని చూసి సిగ్గుపడనక్కరలేదు. నిలబడగలిగినవారు కొద్దిపాటి నొప్పికే కుర్చీ వెతకడమూ తగదు. ఎంతవరకు నిలబడవచ్చో వైద్యుణ్ణి అడిగి, ఆ మాట ఆలిమ్‌కు వినిపించి మస్అలా తెలుసుకోవాలి.

కాళ్లలో తిమ్మిరి, బలహీనత పెరుగుతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పినా, నడుము నొప్పితో పాటు జ్వరం వచ్చినా వ్యాయామాలతో కాలయాపన చేయక, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ నెల ప్రతి ఇంటి యజమానీ తల్లినీ, భార్యనూ ఒక్క ప్రశ్న అడగాలి: ‘నీకు ఎక్కడ నొప్పిగా ఉంది?’ సమాధానం ‘ఏమీ లేదు’ అని వస్తే మరొకసారి అడగాలి. ఈ అమానత్‌ను కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.