తప్పు చూపువాడే తోడు

దూరపు కొండలు నునుపు. హైదరాబాదు నగరమున మాదాపూరు ప్రాంతమందు 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడెను. అటుపిమ్మట ఆ ప్రాంతమున అద్దాల మేడలెన్నో లేచినవి. వానిని వెలుపలనుండి చూచువారికి లోపలి ఉద్యోగము చల్లని గదిలో కూర్చుండి చేయు సులభమైన పనిగా తోచును. ఆ పని యథార్థముగా ఎట్టిదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని యనగా కొత్త ప్రోగ్రాములు వ్రాయుట మాత్రమే కాదు. ఇతరులు ముందు వ్రాసినదానిని చదివి, అందలి దోషమును వెదకి సవరించుటకు చాల కాలము పట్టుచుండును. పూర్వము కంప్యూటర్లలో స్థలము చాలక సంవత్సరమును కడపటి రెండంకెలతోనే వ్రాసెడివారు. 2000వ సంవత్సరము వచ్చినపుడు ఆ యంత్రములు దానిని 1900గా భ్రమించునను భయము కలిగెను. అట్టి పంక్తులను వెదకి సరిచేయు పనిలో భారతీయులు పెక్కుమంది పాల్గొనిరి. వారిలో తెలుగువారును కలరు. పరుల లెక్కలోని తప్పును దిద్దుట ద్వారా అనేకులకు ఈ వృత్తిలో ప్రవేశము లభించెను.

ఇతరుల తప్పును దిద్దుటకంటె, తన తప్పును ఇతరులు దిద్దగా సహించుట కష్టము. ఒకరు వ్రాసిన ప్రోగ్రామును వేరొకరు పంక్తి పంక్తియు చదివి సమ్మతించినగాని అది ముందునకు పోరాదను నియమము పెక్కు కంపెనీలలో కలదు. దీనిని కోడ్ రివ్యూ అందురు. కాకిపిల్ల కాకికి ముద్దు. పాఠశాలలో ఎల్లప్పుడును ప్రథమ స్థానమున నిలిచినవారికి, తాము వ్రాసిన నలువది పంక్తులపై పది ఆక్షేపణలు వచ్చినపుడు అవమానముగా తోచుట సహజము. కాని కంప్యూటరునకు వివేకము లేదు. వ్రాసినది తప్పైనను అట్లే ఆచరించును. ఆ ప్రోగ్రాము బ్యాంకులోనో, రైలు టిక్కెట్లు ఇచ్చుచోటనో, ఆసుపత్రిలోనో పని చేయునది కావచ్చును. అపుడు ఒకరి అభిమానముకంటె వేలమంది క్షేమమే పెద్దది.

1998వ సంవత్సరము డిసెంబరులో అమెరికా దేశపు నాసా సంస్థ అంగారక గ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపెను. నౌకను త్రోయు బలమును ఒక ప్రోగ్రాము పౌండ్ల కొలతలో లెక్కించి యిచ్చుచుండగా, ఆ అంకెలను గ్రహించు మరియొక ప్రోగ్రాము వానిని న్యూటన్ల కొలతగా స్వీకరించెను. ఒక పౌండు బలము సుమారు నాలుగున్నర న్యూటన్లకు సమానము. తొమ్మిది నెలల ప్రయాణములో ఈ భేదము కూడుచు వచ్చి, 1999 సెప్టెంబరు 23న నౌక గ్రహమునకు మిక్కిలి చేరువగా పోయి నశించెను. దారి లెక్కలు కుదురుట లేదని కొందరు ముందే గుర్తించియుండిరి. అయినను ఆ సందేహము నియమానుసారముగా నమోదై తుదిదాక విచారింపబడలేదు.

కనుక తప్పు చేయుటకంటె తప్పును చెప్పకుండుట ఎక్కువ హానికరము. చెప్పినవారిని చులకన చేయుచోట ఎవరును నోరు విప్పరు. అందుచేత ఇది ఉద్యోగుల గుణమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. పై అధికారుల బాధ్యత కూడ. నష్టము జరిగినపుడు "ఎవరు చేసిరి?" అని గద్దించుటకు బదులు, "ఎట్లు జరిగెను? మరల జరుగకుండ ఏమి చేయవలయును?" అని విచారించి వ్రాసియుంచు కంపెనీలు కలవు. అచట శ్రద్ధ తగ్గదు, దాపరికము తగ్గును.

గడువు సమీపించుచుండగా ఇన్ని పరిశీలనలకు తీరిక ఎక్కడిదని కొందరందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. హైదరాబాదులో ప్రొద్దు క్రుంకువేళకు అమెరికాలో తెల్లవారును. అందువలన అచటివారితో కలిసి పని చేయువారు రాత్రి చాలసేపు మేలుకొనవలసి వచ్చును. కాని అలసిన కంటికి తప్పు కనబడదు. ఎక్కువ గంటలు కూర్చుండుటయే శ్రద్ధకు గుర్తని తలచుట పొరపాటు. తొందరపాటుతో మిగిల్చుకొన్న గంటకు, తరువాత దినములకొలది దిద్దుబాటు చేయవలసి వచ్చును.

ఈ వృత్తిని కోరు బాలబాలికలు గణితమును, భాషను చక్కగా నేర్వవలయును. దానితోపాటు తమ లెక్కను ప్రక్కనున్నవారికి చూపి "ఇందు తప్పున్నదా?" అని అడుగు అలవాటును ఇప్పుడే చేసికొనవలయును. ఉన్నదని చెప్పినవారిపై అలుగరాదు. అట్లు నిర్మొగమాటముగా చెప్పు స్నేహితుడు దొరకుట అదృష్టము. ఇతరులకు అట్టి స్నేహితుడగుట అంతకన్న మేలు.