తప్పు పుట్టేది కూలీల చేతుల్లోనేనా?

సంపాదకులకు,

భారీ నిర్మాణాల్లో చేసిన పనే మళ్లీ చేయాల్సి రావడానికి కార్మికుల అజాగ్రత్తే కారణమన్న గత సంచిక వ్యాసం సగం నిజమే చెప్పింది. మిగతా సగం కెనడాలోని క్యుబెక్ వంతెన చెబుతుంది.

సెయింట్ లారెన్స్ నదిపై దాని ప్రధాన స్పాన్‌ను 1600 నుంచి 1800 అడుగులకు పెంచారు. ఉక్కు బరువు మాత్రం తిరిగి లెక్కకట్టలేదు. అసలు బరువు అంచనాను మించిందని తేలాక కూడా సలహా ఇంజినీరు థియోడర్ కూపర్ పని సాగనిచ్చారు. 1907 ఆగస్టులో కింది ఉక్కు భాగాలు వంగుతున్నాయని సైట్‌లో కొలిచి మరీ చూపారు. అవి ముందునుంచీ వంగే ఉన్నాయని వంతెన కడుతున్న కంపెనీవారు వాదించారు. తేల్చుకోవడానికి సైట్ ఇంజినీరు కూపర్ ఉన్న న్యూయార్క్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక బరువు పెంచవద్దన్న కూపర్ తంతి ఆగస్టు 29న ఫీనిక్స్‌విల్‌లోని కంపెనీకి వెళ్లింది, క్యుబెక్‌కు కాదు. ఆ సాయంత్రమే వంతెన కూలి 75 మంది చనిపోయారు.

ఇందులో రివెట్లు కొట్టినవారి తప్పేముంది?

జర్మనీ, స్విట్జర్లాండ్‌లను కలిపే లాఫెన్‌బర్గ్ వంతెన అదృష్టం మేలు. రెండు దేశాల సముద్రమట్టం కొలతల్లోని 27 సెంటీమీటర్ల తేడాను తలకిందులుగా సర్దడంతో అది 54 అయింది. నిర్మాణంలో ఉండగానే పట్టుకున్నారు కాబట్టి సరిదిద్దగలిగారు.

మన ప్రాజెక్టుల్లోనూ డ్రాయింగ్ మారిన ప్రతిసారీ వేరొక ఇంజినీరు లెక్కలు మళ్లీ చూడాలి. పని ఆపించే అధికారం సైట్‌లో ఉన్నవారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. పత్రిక తదుపరి వ్యాసంలో ఈ రెండింటినీ చర్చకు పెట్టాలి.

— ఒక పాఠకుడు, విజయవాడ