గోడమీది అక్షరాలు

పైకి ఒక విషయం చెబుతూ లోపల మరొక విషయాన్ని స్ఫురింపజేసే రచనను అన్యాపదేశం అంటారు. కూతురికి చెప్పి కోడలికి వినిపించడం ఇంటింటా ఉన్న అలవాటే. సూటిగా చెబితే చెప్పినవారికి ముప్పు తెచ్చే మాటను జంతువుల నోట పలికించడం రచయితలు అనాదిగా ఎరిగిన ఉపాయం. తెలుగు పిల్లలకు ఈ పద్ధతి కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి చెన్నపట్నంలో ఉండి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో దమనకుడనే నక్క పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకూ మధ్య కేవలం మాటలతోనే చిచ్చు పెడుతుంది. కథ జరిగేది అడవిలో. చదివేవారికి కనిపించేది రాజసభ.

అనేక దేశాల విద్యార్థులు ఇంగ్లీషు తరగతిలో చదివే 'యానిమల్ ఫారం' ఈ కోవకు చెందిన చిన్న నవల. దీని రచయిత జార్జి ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. ఆయన 1903లో, నేటి బీహారులోని మోతిహారిలో జన్మించాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే ఇంగ్లండు చేరిన ఆర్వెల్, పెద్దవాడై 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేశాడు. ఒక జాతి మరొక జాతిని అణచి ఉంచడం ఎలా ఉంటుందో అణచేవారి పక్షాన నిలబడి చూసి, ఆ కొలువు వదులుకున్నాడు. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడుతూ మెడకు గుండు తగిలి బతికి బయటపడ్డాడు.

ఇరుకుదారిలో పదేళ్ల కుర్రవాడు ఒకడు పెద్ద బండిగుర్రాన్ని కొరడాతో అదిలిస్తూ తోలుకుపోవడం ఆయన ఒకసారి చూశాడు. తన బలం తనకు తెలిస్తే ఆ గుర్రం కుర్రవాడికి లొంగి ఉంటుందా అన్న ఆలోచనే ఈ కథకు బీజం. ఈ సంగతిని 1947లో ఉక్రేనియన్ అనువాదానికి రాసిన ముందుమాటలో ఆయనే వివరించాడు. 1944 ఆరంభానికే నవల పూర్తయింది. కాని అప్పుడు రష్యా యుద్ధంలో బ్రిటనుకు మిత్రదేశం. ఆ దేశపు నాయకుణ్ని విమర్శించే పుస్తకం వేయడానికి పలువురు ప్రచురణకర్తలు జంకారు. చివరకు 1945 ఆగస్టులో అది వెలుగు చూసింది.

కథ సులభమైనది. జోన్స్ అనే రైతు తాగుబోతు. పశువులకు వేళకు మేత వేయడు. ఒకనాడు ఆకలికి తాళలేక అవి తిరగబడి అతణ్ని తరిమివేస్తాయి. ఇకమీదట అందరూ సమానంగా బతకాలని ఏడు ఆజ్ఞలు ఏర్పరచుకొని, తారు పూసిన గోడమీద తెల్లని పెద్ద అక్షరాలతో రాసుకుంటాయి. ఆ సంవత్సరం పంట మునుపెన్నడూ లేనంతగా చేతికి వస్తుంది. అయితే పెత్తనం మెల్లగా పందుల పాలవుతుంది. నెపోలియన్ అనే పంది, తాను రహస్యంగా పెంచిన కుక్కలను ఉసిగొలిపి స్నోబాల్ అనే తోటి నాయకుణ్ని వెళ్లగొట్టి తానే ఏలిక అవుతుంది. కంచె చేను మేయడం మొదలుపెడుతుంది. ఆజ్ఞలు ఒక్కొక్కటే మారిపోతాయి. ఆఖరికి కిటికీలోంచి తొంగిచూసే జంతువులకు లోపల కూర్చున్నవారిలో పందులెవరో మనుషులెవరో గుర్తుపట్టడం సాధ్యం కాదు.

ఈ పాఠానికి తరగతిలో ఒక పట్టిక వేయించడం పరిపాటి. జోన్స్ అంటే రష్యా చక్రవర్తి రెండవ నికొలస్, నెపోలియన్ అంటే స్టాలిన్, స్నోబాల్ అంటే ట్రాట్‌స్కీ. ఈ పట్టిక అవసరమే. 1917లో రష్యాలో విప్లవం వచ్చిందనీ, ట్రాట్‌స్కీని 1929లో దేశం నుంచి పంపివేశారనీ, 1940లో ఆయన మెక్సికోలో హత్యకు గురయ్యాడనీ తెలియకపోతే కథలో సగం అందదు. అయితే పట్టిక కంఠస్థం కాగానే పాఠం వచ్చేసిందనుకోవడం తగదు. ఎవరు ఎవరికి ప్రతీకో టకటకా చెప్పగలిగి, ఆ జంతువులు ఎక్కడ మోసపోయాయో చెప్పలేని విద్యార్థి గైడును చదివాడే గాని కథను చదవలేదు.

అవి ఎక్కడ మోసపోయాయి? ఆర్వెల్ ఆ సంగతిని దాచలేదు. తిరుగుబాటు తరువాత పశువులన్నీ చదువు నేర్చుకోవాలని పూనుకుంటాయి. పందులకు అప్పటికే చదవడం, రాయడం బాగా వచ్చు. జోన్స్ పిల్లలు వాడి చెత్తకుప్పలో పారేసిన పాత పుస్తకమే వాటికి గురువు. మ్యూరియల్ అనే మేకకు కూడా చదువు వస్తుంది. క్లోవర్ అనే ఆడగుర్రం అక్షరాలన్నీ నేర్చింది గాని కూడబలుక్కొని చదవలేదు. అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసే బాక్సర్ అనే గుర్రం నాలుగు అక్షరాలు దాటి ముందుకు పోలేదు. మోలీ అనే సొగసుకత్తె గుర్రం తన పేరులోని అక్షరాలు తప్ప మరేవీ నేర్వనన్నది. బెంజమిన్ అనే గాడిద పందులతో సమానంగా చదవగలదు. కాని చదవదగినది ఏమీ లేదని ఊరుకుంటుంది. గొర్రెలకు చదువే రాలేదు. వాటి కోసం ఏడు ఆజ్ఞలనూ కుదించి ఒక్క నినాదం చేశారు. అది పట్టుకొని అవి గంటలకొద్దీ అరుస్తూ ఉంటాయి. ఎవరైనా ఎదురు ప్రశ్న వేయబోయే వేళకు సరిగ్గా ఆ అరుపులే అడ్డుపడతాయి.

అసమానత ఆ పొలంలోకి ఈ దారినే వచ్చింది. రాసేవారు కొందరే అయినప్పుడు, రాసినదాన్ని రాత్రికి రాత్రి మార్చడం సులభం. ఆజ్ఞ మారిందేమోనని క్లోవర్‌కు అనుమానం కలుగుతుంది. మ్యూరియల్ చేత చదివించుకుంటుంది. తనకు గుర్తున్నట్లు లేదు. గోడమీద ఉంది కనుక తానే మరచిపోయి ఉంటానని సరిపెట్టుకుంటుంది. ఒక రాత్రి నిచ్చెన విరిగి, పందుల వకాల్తాదారైన స్క్వీలర్ కింద పడి ఉంటాడు. పక్కనే లాంతరు, కుంచె, ఒలికిన తెల్లరంగు. అంత చూసినా అర్థమైనది బెంజమిన్ ఒక్కదానికే. అది నోరు విప్పదు.

ఆ గాడిద నోరు విప్పే సందర్భం ఒకటి ఉంది. పనిచేసి చేసి కూలబడిన బాక్సర్‌ను వైద్యం పేరుతో బండిలో ఎక్కిస్తారు. వీడ్కోలు చెబుతున్న జంతువుల మీద బెంజమిన్ కేకలు వేసి, బండిమీది అక్షరాలు చదివి వినిపిస్తుంది. అది గుర్రాలను చంపి అమ్ముకునేవాడి బండి. అప్పటికే బండి కదిలిపోయింది. చదువు ఉండి కూడా దానిని జీవితమంతా దాచుకున్నందుకు బెంజమిన్ చెల్లించిన మూల్యం తన ఏకైక స్నేహితుడి ప్రాణం. ఈ ఘట్టాన్ని చదివిన విద్యార్థికి చదువు ఎందుకన్న ప్రశ్నకు వేరే సమాధానం అక్కరలేదు.

మరొక సంగతి. నెపోలియన్ దౌర్జన్యం కుక్కలతో మొదలైందని చాలామంది అనుకుంటారు. ఆర్వెల్ అభిప్రాయం వేరు. తిరుగుబాటు జరిగిన కొద్దిరోజులకే ఆవుల పాలు, ఆ తరువాత తోటలోని ఆపిల్ పండ్లు పందులకే చెందుతాయి. మెదడుతో పనిచేసేవారికి అవి తప్పనిసరి అని స్క్వీలర్ నచ్చజెబుతాడు. కథ మలుపు తిరిగింది అక్కడేనని ఆర్వెల్ 1946లో ఒక అమెరికన్ మిత్రుడికి రాసిన లేఖలో స్పష్టం చేశాడు. కుక్కలు కోరలు చూపిననాడు అడగడం కష్టం. పాలకుండ మాయమైననాడు అడగడం తేలిక. ఆ తేలికైననాడు ఎవరూ అడగలేదు.

ఈ నవల మార్పు వల్ల ప్రయోజనం లేదని బోధిస్తుందనీ, పిల్లల్లో నిరాశ నింపుతుందనీ కొందరు ఆక్షేపిస్తారు. జోన్స్ పాలన మంచిదని ఈ పుస్తకం ఎక్కడా అనలేదు. అతని కాలంలో ఆకలి ఉంది, కొరడా ఉంది. నాయకులను మార్చుకున్నవారు ఆ నాయకులను కనిపెట్టి కూడా ఉండాలన్నదే రచయిత హెచ్చరిక. ఆయన సామ్యవాదాన్ని నమ్మినవాడు కూడాను.

ఇది ఒక పక్షం వారి ప్రచార పుస్తకమన్న ఆక్షేపణ కూడా ఉంది. ఆ మాటకు కొంత చరిత్ర లేకపోలేదు. సోవియట్ యూనియన్‌లో 1980ల చివరిదాకా దీనిని అచ్చు కానివ్వలేదు. 1954లో వచ్చిన కార్టూను చిత్రానికి అమెరికా గూఢచారి సంస్థ రహస్యంగా డబ్బు సమకూర్చింది. జంతువులు పందులపై మళ్లీ తిరగబడినట్లు ఆ చిత్రం ముగింపు మారింది. ఒకచోట పుస్తకాన్ని దాచారు. ఒకచోట దాని ముగింపుకు కొత్త రంగు పూశారు. అసలు పుస్తకాన్ని స్వయంగా చదవడానికి ఇంతకన్నా మంచి కారణం మరేముంటుంది?

పౌరశాస్త్రం పాఠంతో కలిపి చదివితే ఈ కథ మరింత తేటపడుతుంది. భారత రాజ్యాంగం కూడా మారుతూనే ఉంది. 1950 నుంచి దానికి వందకు పైగా సవరణలు జరిగాయి. కాని ప్రతి సవరణకూ ఒక సంఖ్య ఉంది, తేదీ ఉంది, పార్లమెంటులో చర్చ ఉంది, ఓటు ఉంది. కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చు. నియమం మారడం తప్పు కాదు. చీకట్లో, నిచ్చెన వేసుకొని మార్చడం తప్పు. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకొనే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతున్నది. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో తెలుగు చదువుకొనే పిల్లలకు అండగా ఉన్న గోడమీది అక్షరాలలో అదొకటి. అది ఉన్నదని తెలియనివారు దానిని అడగలేరు.

ఈ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో రాష్ట్ర భాష, పై చదువుకు ఇంగ్లీషు. ఇది బరువని బాధపడేవారు ఉన్నారు. మూడు లిపులు చదవగలవారిని మోసగించడం మూడింతలు కష్టం. అందుచేత ఇలాంటి పాఠాన్ని ఇంగ్లీషులోనే నిదానంగా చదవాలి. ఆర్వెల్ వాక్యాలు చిన్నవి, మాటలు తేలికైనవి. చర్చ మాత్రం తెలుగులో జరగనివ్వాలి. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడితే ఇంగ్లీషు చెడిపోతుందన్న భయం అక్కరలేదు. ఆలోచన మాతృభాషలో నలిగి గట్టిపడిన తరువాత సొంత ఇంగ్లీషులో రాసిన నాలుగు వాక్యాలు, గైడులోంచి దించిన నాలుగు పుటలకన్నా విలువైనవి. అర్థం తెలియని జవాబును అందరూ కలిసి వల్లించడం గొర్రెల నినాదానికి భిన్నమైనదేమీ కాదు.

పరీక్ష ముగిశాక కూడా ఈ పాఠానికి పని ఉంటుంది. చౌకధరల దుకాణం ముందు నిల్వల పట్టిక ఉంటుంది. పంచాయతీ కార్యాలయంలో జాబితా ఉంటుంది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం కూడా ఉంది. చదువురాని అవ్వకు ఆ పట్టికను చదివి వినిపించే పిల్ల, మ్యూరియల్ చేసిన పని చేసినట్లే. అయితే మ్యూరియల్ అక్కడే ఆగిపోయింది. నెల కిందట ఆ పట్టికలో ఏమున్నదో గుర్తుంచుకొని, మారితే ఎందుకు మారిందని మర్యాదగా అడగగలిగిన పిల్లకు ఆ పాఠం పూర్తిగా వచ్చినట్లు.