స్పర్శ తెలియని పాదాలు

క్యాన్సర్ చికిత్స ముగిసిందని సంఘమంతా దేవుణ్ణి స్తుతిస్తుంది. కానీ కీమో తీసుకున్న సహోదరికి చేతుల్లో, పాదాల్లో తిమ్మిర్లు, మంటలు మిగిలిపోవచ్చు. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి మందులు నరాలను దెబ్బతీస్తాయి. కొందరిలో మందు ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు బాధ పెరుగుతుంది. గుండీలు పెట్టుకోలేరు. ప్రభురాత్రి భోజనపు గిన్నె చేతిలో నిలవదు. 'స్వస్థత పొందావుగా, ఇంకా ఏమిటి?' అని మనమంటే ఆమె ఆలయానికి రావడమే మానేస్తుంది. అది అవిశ్వాసం కాదు, నరాలకు తగిలిన గాయం.

దీన్ని ముందే ఆపగలదని రుజువైన మందు ఇంతవరకూ లేదు. అందుకే తిమ్మిరి మొదలవగానే డాక్టరుకు చెప్పాలి. అప్పుడే మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో వీలుంటుంది. నొప్పి ఉంటే డ్యులాక్సెటిన్ కొందరికి ఉపశమనమిస్తుంది. అదీ డాక్టరు సలహాతోనే. స్నానపు నీళ్ల వేడిని ఇంట్లోవారు చూసివ్వాలి, పాదాలను రోజూ గమనించాలి.

మరి సంఘంగా మనమేం చేయాలి? గుమ్మం బయట చెప్పులు విడిచే మన ఆలయాల్లో ఎండకు కాలిన బండలు ఆ పాదాలకు తెలియవు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. ఆమెను చెప్పులతోనే రానిద్దాం, కుర్చీ వేద్దాం, గిన్నెను మనమే పట్టుకొని అందిద్దాం. సంఘం ఒకే శరీరమని, ఒక అవయవపు బాధ మిగతావాటిదీ అని పౌలు కొరింథీయులకు బోధించాడు. స్పర్శ కోల్పోయింది ఆమె పాదాలే. ఆమెతో ఒకే శరీరమైన మనం దాన్ని కోల్పోకూడదు.