కాంక్రీటు స్లాబ్ మీద సాలిడ్ చెక్క ఎందుకు?

డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కునే మన తెలుగువాళ్లలో ఒక మాట పాతుకుపోయింది. డబ్బుంటే నేలకు ఒకే చెక్క ముక్కతో చేసిన సాలిడ్ హార్డ్‌వుడ్ వేయించాలి, లేకపోతే పొరలు అతికించి చేసిన ఇంజినీర్డ్‌తో సరిపెట్టుకోవాలి అని. సాలిడ్ అసలు చెక్క అనీ, ఇంజినీర్డ్ ఉత్త నకలు అనీ దీని వెనకున్న నమ్మకం. ఇది తప్పు. ఇంజినీర్డ్ పలక మీద మన పాదం మోపేది కూడా చెట్టు నుంచి కోసిన ఓక్, హికరీ చెక్కే. చెక్క ఫొటో అచ్చువేసి అతికించేది లామినేట్, అది పూర్తిగా వేరే సరుకు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల ఎంతోమంది తమ ఇంటికి సరిపడని నేలను ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు.

పలకగా కోశాక కూడా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్న చోట చెక్కలో సుమారు 6 శాతం నిలుస్తుంది. 80 శాతం ఉన్న చోట సుమారు 16 శాతం. ఈ మార్పుకు పలక పొడవు దాదాపు కదలదు, కదిలేది ముఖ్యంగా వెడల్పే. మామూలు కోత కోసిన ఐదంగుళాల రెడ్ ఓక్ పలకలో తేమ 4 శాతం పాయింట్లు పెరిగితే వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పదిహేనడుగుల గదిలో అలాంటి పలకలు 36 పడతాయి. అవన్నీ ఎటు జరగాలి? తేమ కింది నుంచి ఎక్కితే పలక అడుగు ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి, మధ్యలో గుంట పడుతుంది. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే నేలంతా చాళ్లు చాళ్లుగా కనిపిస్తుంది. ఇంజినీర్డ్ పలకలో పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు. పై పొర వెడల్పుకు సాగబోతే, పొడవు అటు తిరిగి ఉన్న కింది పొర దాన్ని పట్టి ఆపుతుంది.

డాలస్ ఇళ్లలో ఎక్కువ వాటికి బేస్‌మెంట్ ఉండదు, మట్టి మీదే కాంక్రీటు స్లాబ్. సాలిడ్ పలకను సాధారణంగా మేకులతో బిగిస్తారు. స్లాబ్‌లోకి ఆ మేకు దిగదు కాబట్టి తేమను ఆపే షీటు, దాని మీద ప్లైవుడ్ పరవాల్సిందే. నేల అంగుళంన్నర దాకా లేచి తలుపుల అడుగు కోయాల్సి వస్తుంది. ఇంజినీర్డ్ అయితే స్లాబ్ మీదే జిగురుతో అతుకుతుంది.

సాలిడ్‌ను ఎన్నిసార్లయినా సాండింగ్ చేయించుకోవచ్చు కదా అంటారు. పలక మందం 19 మిల్లీమీటర్లయినా అరగదీయగలిగేది పక్క పలకలో దూరే నాలుక పైనున్న భాగమే, అది 6 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఆ కిందికి వెళ్తే మేకులు బయటపడతాయి. పై పొర 4 మిల్లీమీటర్లున్న ఇంజినీర్డ్ కూడా రెండు సాండింగ్‌లు తట్టుకుంటుంది. పోల్చాల్సింది ఆరునూ నాలుగునూ. ఇంజినీర్డ్ పలకల జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఉంటుందని ఇంకొందరు భయపడతారు. ఆ మాట నిజమే గానీ, ప్లైవుడ్ లాంటి వాటి నుంచి అది ఎంత వెలువడవచ్చో అమెరికాలో 2018 నుంచి ఫెడరల్ పరిమితి ఉంది. ఒక మిల్లీమీటరు కూడా లేని పై పొరతో చవగ్గా అమ్మే రకాన్ని మాత్రం నేనూ వద్దనే అంటాను. షాపులో రంగు కన్నా ముందు అడగాల్సింది ఆ పొర మందమే.

న్యూజెర్సీలో బేస్‌మెంట్ మీద, చెక్క దూలాల పైన ప్లైవుడ్ పరిచిన ఇంట్లో సాలిడ్ ఓక్ చక్కగా నిలుస్తుంది, అక్కడ దాన్ని కాదనను. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మాత్రం కాలి కింద ఉన్నది స్లాబే. అక్కడ టేకు వేయిద్దామంటే, అది ఓక్ కన్నా తక్కువ కదులుతుంది, నిజమే. అయినా వానాకాలపు గాలి ఏ చెక్కనూ వదలదు.