నేర్చుకొనువారికి పాత ఫిల్ము చాలునా?

పాఠశాలలలో చీకటిగది విద్యను నేర్పవలెనను కోరిక నేటికిని కొందరు ఉపాధ్యాయులలో మిగిలియుండుట సంతోషకరము. చేతిలోని ఫోనుతో క్షణములో బొమ్మ తీయగల ఈ దినములలో ఫిల్మును కడిగి బొమ్మను తేల్చు శ్రమ యెందులకని కొందరడుగవచ్చును. వెలుతురు, రసాయనము, ఉష్ణము, కాలము ఈ నాలుగును చేయు పనిని బాలబాలికలు తమ కన్నులతో చూచి, తమ చేతులతో అదుపు చేయుటకు ఇంతకంటె చక్కని పాఠము అరుదు. అయితే ఈ విద్యను ప్రారంభించునపుడు ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును: “నేర్చుకొనువారే గదా! బీరువాలో పడియున్న గడువు తీరిన ఫిల్ము చాలును. పాడైనను నష్టము లేదు.” ఈ మాట పొదుపుగా తోచును. కాని యిది పొదుపు కాదనియు, తొలి పాఠములకు తాజా ఫిల్మే కావలెననియు, పాత ఫిల్మునకు వేఱొక స్థానము కలదనియు నా యభిప్రాయము.

మొదట పాత ఫిల్ము ఏల చెడునో తెలిసికొందము. ఫిల్మనగా పలుచని పట్టీపై జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణముల సూక్ష్మ స్ఫటికములు చెదరియుండును. వెలుతురు సోకిన స్ఫటికములను డెవలపరు నల్లని వెండిగా మార్చును. సోకనివానిని హైపో కరగించి తొలగించును. కాలము గడచిన కొలది, వెలుతురు సోకని స్ఫటికములును కొన్ని సోకినవానివలె ప్రవర్తింపసాగును. వేడియు తేమయు ఈ మార్పును త్వరపఱచును. అంతరిక్షమునుండి యెల్లవేళల వచ్చు కిరణములును తమ వంతు హాని చేయును. వానిని శీతల పేటికయు ఆపజాలదు. ఫలితముగా నెగటివు అంతటను బూడిదవన్నె మసక క్రమ్మును. దీనినే ఛాయాచిత్రకారులు ‘ఫాగ్’ అందురు. ఫిల్ము వెలుతురును గ్రహించు శక్తియు తగ్గును. నలుపు తెలుపుల వ్యత్యాసము క్షీణించును. సాధారణముగా 400 వేగము గల ఫిల్ము 100 వేగము గల దానికంటె త్వరగా చెడును. రంగుల ఫిల్ములోనైతే వేర్వేఱు పొరలు వేర్వేఱు రీతుల చెడుటచే రంగులే తాఱుమాఱగును.

ఇప్పుడు తొలిసారి ఫిల్ము కడిగిన విద్యార్థినిని తలంచుకొనుడు. నెగటివు బూడిదవన్నెగా వచ్చినది. కారణమేమి? రీలుకు చుట్టునపుడు వెలుతురు చొరబడెనా? 20 డిగ్రీల వద్ద చేయవలసిన పనిని వేసవిలో 30 డిగ్రీలు దాటిన కుళాయినీటితో చేసెనా? డెవలపరులో ఉంచవలసిన కాలము మించెనా? హైపోలో చాలినంతసేపు ఉంచలేదా? లేక ఫిల్మే పాతదా? ఫిల్ము తాజాదైనచో ఆమె తక్కిన కారణములను ఒక్కొక్కటిగా విచారించి తప్పును పట్టుకొనగలదు. మఱుసటి చుట్టలో దిద్దుకొనగలదు. ఫిల్ము పాతదైనచో గురువునకును నిశ్చయముగా చెప్పుట కష్టము.

‘ఆడలేక మద్దెల ఓడు’ అను సామెత మనకు కలదు. కాని మద్దెల నిజముగా ఓటిదైనపుడు అడుగు తప్పినదో, వాద్యము తప్పినదో తేల్చువారెవరు? అట్టి చోట రెండు చెడుగులు పుట్టును. అజాగ్రత్తపరుడు తన దోషములన్నియు ఫిల్ముపైకి నెట్టును. శ్రద్ధగలవారు తమ దోషము లేకయే తమకీ విద్య రాదని విడిచిపెట్టుదురు. ఈ రెండవ నష్టము మొదటిదానికంటె పెద్దది.

ధర మాటను విస్మరింపరాదు. నేడు తాజా ఫిల్ము సామాన్య కుటుంబమునకు చౌక కాదు. అయినను 36 చిత్రముల చుట్ట నొకదానిని ఆఱుగురు విద్యార్థులు పంచుకొన్నచో తలకు 6 చిత్రములు వచ్చును. ఒకరు ఉష్ణమును చూతురు, ఒకరు గడియారమును చూతురు, ఒకరు ట్యాంకును కదలింతురు, అందఱును నేర్చుకొందురు. ఇంకొక సంగతి. పాత ఫిల్ము ఉచితముగా దొరకినను డెవలపరు, హైపో, నీరు, సాయంకాలము ఉచితములు కావు. ఏమియు నేర్పని చుట్టకై వీనిని వ్యయపఱచుట పొదుపగునా?

“ఏండ్ల తరబడి పడియున్న ఫిల్ములు చక్కని బొమ్మల నియ్యలేదా?” అని కొందరు వాదింపవచ్చును. ఇచ్చినవి. 1897లో స్వీడను దేశస్థుడు ఆండ్రే ఇద్దఱు సహచరులతో బెలూనులో ఉత్తరధ్రువ యాత్రకు బయలుదేరెను. మువ్వురును మరణించిరి. 1930లో ఆర్కిటిక్ ప్రాంతపు క్విటోయా ద్వీపమున వారి శిబిరము బయల్పడెను. వారు బొమ్మలు తీసి కడుగక విడిచిన ఫిల్ములను 33 ఏండ్ల తరువాత జాన్ హెర్ట్స్‌బెర్గ్ స్టాక్‌హోములో కడిగి 93 చిత్రములను దక్కించెను. అయితే ఆ ఫిల్ములు మంచుసీమలో నుండినవి. మనవి వేసవి బీరువాలలో ఉడికినవి. మఱియు వానిని కడిగినది ఆరితేరిన చేయి. ఈ దృష్టాంతము నేర్పునది ఒక్కటే: పాత ఫిల్మునకు కావలసినది మిక్కిలి నేర్పుగలవాని చేయి, తొలి పాఠము చదువువాని చేయి కాదు.

మన ప్రాంతములలో పాత ఫిల్మనగా కొందఱికి అభిమానమును కలదు. తమిళనాడులోని ఉదకమండలమున 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అను ప్రభుత్వ సంస్థ ‘ఇందు’ అను పేర ఫిల్మును, ఫోటో కాగితమును తయారుచేసెను. ఆ కర్మాగారము మూతపడినది. కావున నేడు ఎవరి యింట ఇందు పెట్టె దొరకినను అది గడువు తీరినదే. దానిని పాఱవేయుమని నేను చెప్పను. తగిన పనికి వాడుమందును.

ఆ పని యేది? మొదటిది, రీలుకు చుట్టు అభ్యాసము. పాత ఫిల్మును పట్టపగలు పదిమార్లు చుట్టవలెను. పిదప కన్నులు మూసికొని చుట్టవలెను. పిదప చీకటిలో చుట్టవలెను. రెండవది, ఒక చిన్న పరీక్ష. బొమ్మ తీయని తాజా ఫిల్ము ముక్క నొకటి, పాత ఫిల్ము ముక్కలు రెండు చీకటిలో కత్తిరింపుడు. తాజా ముక్కను, ఒక పాత ముక్కను కలిపి డెవలపరులో, ఆపైని హైపోలో ఉంచుడు. రెండవ పాత ముక్కను హైపోలో మాత్రమే ఉంచుడు. మూడింటిని కడిగి వెలుతురున కెత్తి చూడుడు. పాత ముక్కలు రెండింటికి గల భేదమే ఆ ఫిల్ము వయస్సు తెచ్చిన మసక. మూడవది, రెండు మూడు తాజా చుట్టలను చక్కగా కడిగిన పిమ్మట, ఒకే దృశ్యమును పాత ఫిల్ముపై మామూలు వెలుతురుతోను, రెట్టింపుతోను, నాలుగింతలతోను తీసి పోల్చుట. పదేండ్లకొక స్టాపు పెంచవలెనను లెక్క యొకటి వాడుకలో నున్నది. అది అంచనా మాత్రమే. ఫిల్ము ఎక్కడ, ఎట్లు దాచబడెనో తెలియనిదే అది నిలువదు.

ఇంకొక మాట మన పాఠశాలలకే చెందినది. చీకటిగదిలో ఫిల్మును చుట్టునపుడు గురువు చేయి కనబడదు. ఆయన మాట మాత్రమే దారి చూపును. ఆ మాట బిడ్డకు ఇంటి భాషలో అందినచో వ్రేళ్లు వెంటనే గ్రహించును. తెలుగున చదువు నేర్పుటవలన కలుగు లాభమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వెదకనక్కరలేదు.

అట్టి పాఠశాలలు కొద్దిమందివగుటచే, ‘వీరికిది చాలును’ అను తలంపు ఇతరులలోను, ఒక్కొక్కపుడు మనలోను తలయెత్తుచుండును. మిగిలిన పరికరములు, మిగిలిన పుస్తకములు, మిగిలిన ఫిల్ము! ఇచ్చువారి మనస్సు మంచిదే కావచ్చును. కాని బిడ్డ తన పనిని తాను కొలుచుకొనుటకు నమ్మదగిన కొలబద్ద కావలెను. నేర్పరి వంకర కొలబద్దతోను పని గడుపుకొనగలడు, నేర్చుకొనువాడు గడుపుకొనలేడు. కావున పాత ఫిల్మును దానము చేయు తల్లిదండ్రులు దాని గడువు తేదీని, దాచిన చోటును వ్రాసి యిత్తురు గాక; దానితోపాటు నలుగురు కలిసి ఒక తాజా చుట్టను కొని యిత్తురు గాక. ఆ మొదటి చుట్టలో వచ్చిన మంచియు చెడ్డయు బిడ్డవే యని నిస్సంశయముగా చెప్పగలిగిననాడే చదువు మొదలగును.