మత్స్యవిశేషమట!

ఆంగ్ల కథ నొకదానిని తెలుగు చేసిన మిత్రులొకరు, ప్రచురించే ముందు ఒకసారి చూసిపెట్టమని నాకు పంపారు. కథలో ఒక ముసలివాడు కొండవాగు ఒడ్డున గాలం వేసుకొని కూర్చుని, సాయంకాలానికి ఒక ‘ట్రౌట్’ను పట్టుకొంటాడు. ఆ మాట పక్కన అనువాదకులు ‘ఒక రకం చేప’ అని రాశారు. అనువాదం హాయిగా నడిచింది, ఆ మాట వారికీ చెప్పాను. నా తగాదా అంతా ఆ మూడు పదాలతోనే. అవి వారి సొంతం కూడా కావు. మన నిఘంటువులు తరతరాలుగా మనచేత వల్లె వేయించిన పాఠం అది.

పాత నిఘంటువులు తిరగేసిన వారికి ఈ సంగతి కొత్త కాదు. చెట్టు పేరు వెతికితే ‘వృక్షవిశేషము’. పిట్ట పేరు వెతికితే ‘పక్షివిశేషము’. చేప పేరు వెతికితే ‘మత్స్యవిశేషము’. అక్కడితో సరి. శబ్దరత్నాకరము (1885) నాకు అన్నం పెట్టిన గ్రంథం. బహుజనపల్లి సీతారామాచార్యులవారి పేరు తలచుకొన్నప్పుడల్లా చేతులు జోడిస్తాను. అయినా అడగక తప్పదు: విశేషము అంటే ఏమిటి? వైశేషికులు ఒక వస్తువును తక్కినవాటి నుండి వేరుచేసే దానికి ఆ పేరు పెట్టి, ఏకంగా పదార్థాలలో ఒకటిగా లెక్కించారు. మన కోశకారులు మాత్రం భేదం చెప్పవలసిన చోట, ఆ భేదం చెప్పకుండా, ‘విశేషము’ అన్న మాటను ఉంచి చేతులు దులుపుకొన్నారు. విశేషం లేని విశేషం! తర్కం చదివినవారు నవ్వుకోవలసిన చోటు ఇది.

ట్రౌట్ సంగతే చూడండి. ఆ మాట వినగానే ఆంగ్లేయ జాలరి ఊరుకోడు. ఏ ట్రౌట్ అని అడుగుతాడు. గోధుమవన్నె ఒంటిమీద ఎఱ్ఱచుక్కలున్న బ్రౌన్ ట్రౌటా? పక్కల పొడవునా గులాబిరంగు చార తీసిన రెయిన్‌బో ట్రౌటా? అమెరికా తూర్పు కొండల వాగుల్లోని బ్రూక్ ట్రౌటా? ఈ మూడోది పేరుకే ట్రౌట్, వంశం ప్రకారం అది ‘చార్’ అనే మరో తెగకు చెందినది. సముద్రానికి పోయి వెండిరంగు తిరిగి వచ్చే సీ ట్రౌట్ వేరే జాతి అని చాలాకాలం వాదించుకొని, చివరికి అదీ బ్రౌన్ ట్రౌటూ ఒకటేనని ఒప్పుకొన్నారు. ఈ వాదాలలో సగం లేవదీసింది పండితులు కారు, గాలం పట్టుకొని చలిలో నిలబడినవారు. ఏది ఏ రాయి చాటున ఉంటుందో, ఏ వేళ ఏ పురుగుకు లేస్తుందో చూసినవారికే భేదం కావాలి. ఆ భేదాన్ని వారి భాష దాచుకొన్నది. కథలోని ముసలివాడు ఏ ట్రౌట్ పట్టాడో తెలిస్తే, అతడు ఏ దేశపు ఏ వాగు ఒడ్డున కూర్చున్నాడో కూడా కొంత తెలుస్తుంది. ‘ఒక రకం చేప’ అన్నామా, వాగూ పోయింది, కొండా పోయింది.

ఈ చేప మీద వారికి ఎంత మమకారమంటే, మన దేశానికి వచ్చినా దాన్ని మరువలేకపోయారు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1863లోనే నీలగిరి వాగులలో ట్రౌట్‌ను పెంచబోయి విఫలుడయ్యాడు. 1900లో కాశ్మీరానికి ఓడల మీద గుడ్లు తెప్పించి పిల్లలను పొదిగించారు. తరువాత కొన్నేళ్లకు నీలగిరులలోనూ అది నిలదొక్కుకొంది. ట్రౌట్ దొరకని చోట, వాగుల్లో ఎగిరిపడే ఏ చిన్న వెండిచేపనో పట్టుకొని ‘ఇండియన్ ట్రౌట్’ అని పిలుచుకొని సంబరపడ్డారు. మా మానేటిలో అది బతకదు లెండి. నీరు ఇరవై డిగ్రీలు దాటి వెచ్చబడితేనే తల్లడిల్లే ప్రాణి. వైశాఖంలో కరీంనగరం ఎండ ఎటువంటిదో తెలిసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

కానీ మానేటిలో చేపలు లేవా? ప్రాణహితలో లేవా? కడెం వాగులో లేవా? ధర్మపురి రేవులోనో మంథని రేవులోనో పొద్దున్నే వలలు దులుపుతున్న గంగపుత్రుల పక్కన, ముదిరాజుల పక్కన ఒక గంట కూర్చోండి. ‘ఒక రకం చేప’ అన్నది వారి నోట మీకు వినబడదు. బొచ్చె వేరు, రవు వేరు, మోసు వేరు. జెల్లను తీసిన చెయ్యి ముందు దాని రెక్కముల్లు విరుస్తుంది, ఆ పోటు ఎటువంటిదో ఆ చేతికి తెలుసు. కొర్రమట్ట గాలి పీల్చుకొంటుంది కనుక నీళ్లు అడుగంటిన గుంటలోనూ బతికే ఉంటుంది. దాని ఎఱ్ఱని పిల్లలు నీటిమీద బంతిలా గుమిగూడి కదులుతుంటే, కింద తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. రాళ్ల సందుల్లో పామువలె మెలికలు తిరిగే బొమ్మిడాయిని మావైపు పాపెర అంటారు. మార్పు అడుగు బురదలో ఉంటుంది. ఇక వాలుగ! లోతు మడుగుల్లో చీకటి పడ్డాక కదిలే ఆ దొరకు వానపాము ఆనదు, బతికిన పరిగెపిల్లను ఎరగా గుచ్చితేగాని గాలం వంక చూడదు.

వాలుగ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే అది మన కావ్యాలలోకి కూడా ఈదుకొంటూ వచ్చిన చేప. వాలుగంటి అన్న మాటను ‘వాలు కన్నులు గలది’ అని ఒకరు విడదీయవచ్చు, ‘వాలుగ వంటి కన్నులు గలది’ అని మరొకరు విడదీయవచ్చు. రెండవ విగ్రహం చెప్పేవారిని నేను వినయంగా ఒకటే కోరుతాను: ఒకసారి చేపల అంగడికి పోయి వాలుగ మొగం చూసి రండి. పొలుసు లేని బల్లపరుపు ఒళ్లు, మీటరు దాటి పెరిగే నిడివి, కంటిని దాటి వెనక్కి చీలిన నోరు, నోటి నిండా పళ్లు, రెండు పొడవాటి మీసాలు. అంత మొగానికి కన్ను మాత్రం చిటికెడు! కన్నుతో కాక చేప నిడుపైన ఆకారంతో కంటిని పోల్చారని సమర్థించవచ్చు, ఆ సమర్థన నాకు సమ్మతమే. అయితే ఆ సమర్థన చేయడానికైనా ముందు చేపను చూసి ఉండాలి కదా! ‘మత్స్యవిశేషము’ అని చదువుకొన్న విద్యార్థి ఈ ప్రశ్న అడగనూ లేడు, జవాబు చెప్పనూ లేడు. సంస్కృత కవుల శఫరి అలా కాదు. తళుక్కున మెరిసి పక్కకు తిరిగే చిన్న వెండిచేప కదలికను చూసి కన్నుల చాంచల్యానికి ఉపమానం చేశారు. చూసి రాసిన ఉపమ అది.

ఇప్పుడు అసలు సిగ్గుపడవలసిన చోటికి వస్తున్నాను. మన కోశకారులు చేపను ‘విశేషము’ అనడానికి ఎన్నో ఏళ్ల ముందే, పరాయివాడొకడు మన జాలరుల నోటిమాటను గౌరవించాడు. పాట్రిక్ రస్సెల్ అనే కుంపిణీ వైద్యుడు విశాఖపట్నంలో చేపలు పోగుచేయించి, బొమ్మలు గీయించి, రెండు వందల చేపల వర్ణనను 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. ఆ చేపలకు అతడు శీర్షికలుగా పెట్టినవి అక్కడి జాలరులు చెప్పిన పేర్లు. అంతకుముందు 1796లో పాముల మీద వేసిన గ్రంథంలోనూ అంతే. నేడు ప్రపంచం రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజరిని అతడు ‘కాటుకరేకులపొడ’ అని మన పేరుతోనే పరిచయం చేశాడు. ఎంత అందమైన మాట! ఒంటిమీది మచ్చలను కాటుక రేకులుగా చూసిన ఆ అజ్ఞాత పామరుడు ఏ ప్రబంధకవికి తీసిపోయాడు? అతడు రాసుకొన్న ‘బంగారుపాము’లోని బంగారమే కట్లపాము జాతికి ‘బంగారస్’ అన్న శాస్త్రనామమయింది. మన వాలుగే 1851లో బ్లీకర్ అనే డచ్చి వైద్యుని చేతిలో ‘వల్లాగో’ అయి కూర్చుంది. 1875–78లో డే వెలువరించిన భారతదేశపు చేపల గ్రంథంలోనూ తెలుగు పేర్లకు చోటు దొరికింది. లాటిన్‌లో ప్రవేశం దొరికిన మాటకు తెలుగు నిఘంటువులో అర్థం దొరకలేదు!

‘నిఘంటువు కావ్యార్థం కోసం పుట్టింది, జంతుశాస్త్రం దాని పని కాదు’ అని నాతో వాదించిన పండితమిత్రులున్నారు. అలాగా? ఏనుగు దశలకు వేర్వేరు పేర్లు, గుఱ్ఱపు నడకలకు వేర్వేరు పేర్లు, నగలకు పొల్లుపోకుండా వివరాలు చెప్పిన శాస్త్రమే కదా ఇది! అమరసింహుడు వారివర్గంలో రోహితము, మద్గురము, శకులము అంటూ చేపల పేర్లు వరుసపెట్టాడు. ఓపిక ఉన్నది, ఆసక్తి ఎటు ఉన్నదన్నదే ప్రశ్న. మన కోశాలు ఎక్కువగా చేప వండని ఇళ్లలో పుట్టాయి. నేనూ అటువంటి ఇంటివాడినే, మృగశిర కార్తె నాడు మా వీధి వీధంతా చేపల పులుసు ఘుమాయిస్తుంటే మా వంటింట్లో పప్పుచారు మరిగేది. చేప తినకపోవడం ఆచారం. దాని పేరు తెలియకపోవడం ఏ ధర్మశాస్త్రం విధించింది?

ఇంకొందరు ‘శాస్త్రనామాలున్నాయిగా, ఊరి పేర్లెందుకు?’ అంటారు. శాస్త్రనామం స్థిరమని ఎవరు చెప్పారు? రెయిన్‌బో ట్రౌట్‌ను 1989లో ఒక ప్రజాతి నుండి తీసి మరో ప్రజాతిలో వేశారు. కట్లా కట్లా అన్న మన బొచ్చెను ఇప్పుడు చాలామంది లేబియో కట్లా అంటున్నారు. పండితులు ఎన్నిమార్లు నామకరణం చేసినా మానేటి ఒడ్డున అది బొచ్చే.

ఒకప్పుడు తరగతిలో చేపకు పర్యాయపదాలు రాయమంటే ఒక కుర్రవాడు పలకనిండా బొచ్చె, వాలుగ, జెల్ల, పాపెర, కొర్రమట్ట అని రాశాడు. తరగతి నవ్వింది. అవి పర్యాయపదాలు కావు, నిజమే. ఆ మాట వాడికి చెప్పాను, చెప్పి ఆ పేర్లన్నీ నల్లబల్ల మీద రాయించి, ఒక్కొక్కటి ఎలా ఉంటుందో వాడిచేతనే పాఠం చెప్పించాను. మీనము, ఝషము, మత్స్యము అని బట్టీ పట్టిన తక్కిన నలభైమందికి తెలిసింది ఒకే చేప, దానికి మూడు పేర్లు. వాడికి తెలిసినవి ఐదు చేపలు. పరీక్షలో మార్కులు ఎవరికి వస్తాయో మీకు చెప్పనక్కరలేదు.

ఇదంతా మాటల మీది ముచ్చటే అయితే ఇంత గొంతు చించుకోను. నది మారిపోయింది. శ్రీరామసాగరం, ఎల్లంపల్లి, దిగువ మానేరు, 2019 నుండి మేడిగడ్డ: అడుగడుగునా ఆనకట్ట. పారే నీటి చేపకు నిలవ నీరు మిగిలింది. 2016 నుండి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది, మత్స్యకారుల కడుపు నిండితే నాకంటె సంతోషించేవాడు లేడు. అయితే వదిలేవి బొచ్చె, రవు, మోసు, బంగారుతీగ వంటి కొద్ది జాతులే. అంగట్లోనూ అవే, వాటి పక్కన తిలాపియా, రూప్‌చంద్. కొత్త తరం నాలుగైదు పేర్లతో సరిపెట్టుకొంటున్నది. పేరున్న చేప కనబడకపోతే ‘ఏదీ?’ అని అడుగుతారు. పేరు లేనిది ఎప్పుడు పోయిందో ఎవరు చెప్పగలరు? ఆనకట్ట కట్టేముందు రాసే నివేదికల్లో ‘స్థానిక మత్స్యజాతులు’ అన్న ఒక్క సమాసంలో నదినంతా ముంచేస్తే అడిగే నాథుడు లేడు. అదీ ‘మత్స్యవిశేషము’ సంతానమే.

ఇంకో చిక్కు. మన నాటు మార్పుకు పెద్దన్నలా కనబడే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం నిషేధితమై రెండు దశాబ్దాలు దాటింది. దొరికినదల్లా తిని తక్కిన చేపలను నాశనం చేస్తుందని ఆ నిషేధం. అయినా రహస్యంగా పెంచుతూనే ఉన్నారు, పట్టుబడ్డ వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ‘క్యాట్‌ఫిష్’ అన్న ఒక్క మాట కింద మార్పు, జెల్ల, వాలుగ, ఈ ఆఫ్రికా రాకాసి అన్నీ ఒకే బుట్టలో పడతాయి. పత్రిక చదివినవాడు మార్పును కూడా నిషేధపు చేప అనుకొని భయపడతాడు, లేదా ఆఫ్రికాదాన్ని మార్పు అనుకొని కొనుక్కుపోతాడు. ఉన్న మాటను వదులుకొన్నందుకు కట్టే జరిమానా ఇది.

పని ఎలా చేయాలో దారి లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం చూడండి. నాగలి దున్నేవారిని అడిగి, ఏ జిల్లాలో ఏ మాటో రాసుకొన్నారు. చేప విషయంలో మనమూ అదే చేయవచ్చు. అకాడెమీలు రావాలని ఎదురుచూడనక్కరలేదు. మనలో సగం మందికి చేతిలోనే కెమెరా ఉంది, ఊళ్లో చెరువుంది. ఏ ఊరు, ఏ నీరు, పొలుసుందా లేదా, మీసాలెన్ని, ముల్లెక్కడ, ఏ ఎరకు పడుతుంది, ఎవరు ఏమని పిలిచారు: ఇంత రాసి ఒక బొమ్మ పెట్టండి, చాలు. అనువదించేవారు ‘ట్రౌట్’ను ట్రౌట్‌గానే ఉంచి, ఎఱ్ఱచుక్కల చేప అనో గులాబిచార చేప అనో ఒక్క గుర్తు చెప్పండి. ‘ఒక రకం’ మాత్రం వద్దు.

మన జనానికి పేరు పెట్టే శక్తి తగ్గిందని నేను నమ్మను. బంగారుతీగ ఈ దేశపు చేప కాదు. 1939లో నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాకు నుండి మరో రకం వచ్చాయి. ‘కామన్ కార్ప్’ అన్న నీరసపు పేరుతో దిగిన దానికి బంగారుతీగ అని పేరుపెట్టింది ఏ పరిభాషా సంఘమూ కాదు. 1952లో వచ్చిన తిలాపియాకు, నిన్నగాక మొన్న వచ్చిన రూప్‌చంద్‌కు మీ ఊరి రేవులో ఏమైనా పేర్లు పుట్టాయా? పుట్టి ఉంటే ఊరి పేరుతో సహా కింద వ్యాఖ్యలో రాయండి.